ఏ భుజానికి ఈ తుపాకి

శామీర్‌పేట,
1943, ఆశ్వయుజ బహుళ తదియ

నాయినకు దండం పెట్టి సత్యమ్మ రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరంలో అట్లా రాయాలని నువ్వే నేర్పావు కాబట్టి రాశాను. ఇక అసలు సంగతి.

వేసవిలో మామగారు పోయాక ఆయన తుపాకీ, దాని లైసెన్సూ మీ అల్లుడి పేరు మీదికి వచ్చాయి. ఊరి చేల కావలి కూడా వాటితోపాటే వచ్చింది. నీకు తెలిసిందే కదా, చెరువు అవతలి గుట్టల్లోంచి అడవిపందులు దిగకుండా చూసినందుకు ఊళ్ళో ప్రతి రైతూ కల్లం దగ్గర మాకు ఇంత గింజ కొలుస్తాడు. మాకు వేరే భూమి లేదు. ఆ గింజే మా తిండి.

మామగారి రోజుల్లో ఆయన మంచె ఎక్కితే పందులు గుట్ట దిగేవి కావని ఊరంతా చెప్పుకుంటుంది. ఇప్పుడు అవి పెళ్ళిభోజనానికి వచ్చినట్టు పిల్లాపాపలతో వస్తున్నాయి. మొరంగడ్డ చేలు దున్నిపెట్టి పోయాయి. మీ అల్లుడు కాల్చని రోజు లేదు, తగిలిన రోజు లేదు. పైగా పేలినప్పుడల్లా తన బొటనవేలే వచ్చి ముక్కుకు తగులుతుంది. చెంప వాచి, ముక్కున నెత్తురు కారుతూ ఇంటికి వస్తున్నాడు. పందికి లేని గాయం ఆయనకు!

మొన్న పటేలు మా వాకిట్లోకి వచ్చి అందరూ వినేటట్టు అన్నాడు: "భిక్షం, జొన్న కంకుల పాలు వడేదాక సూస్త. అప్పటికి ఒక్క పందన్న పడకపోతె కావలి వేరేటోళ్ళకు ఇస్త. గా తుపాకి ఠాణాల పెట్టిస్త."

మీ అల్లుడు రాత్రి అన్నం ముందు కూర్చుని, "నాయినతోటే దీని పానం వోయింది. దీనికి కండ్లు కనవడుతలేవు. పట్నంల మిల్లుకు పోత" అన్నాడు. అత్తమ్మ విని లేచి దొడ్లోకి పోయింది. ఆమె తుపాకి ఉన్న గోడ వైపు కూడా చూడదు.

నువ్వు జలీల్ సాబ్ దుకాణంలో ఇన్నేళ్ళుగా తుపాకులకు కట్టె పని చేస్తున్నావు. దీనికి ఏం రోగమో ఎట్లా చూడాలో రాయి.

నీ బిడ్డ
సత్యమ్మ

---

మేడ్చల్,
ఆశ్వయుజ బహుళ అష్టమి

చిరంజీవి సత్యమ్మకు మొగులయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తుపాకికి ప్రాణం, కళ్ళు ఉండవు. ఇనుమూ కట్టే ఉంటాయి. ఆడలేక మద్దెల ఓడు అని అల్లుడిని అనను, ఎందుకంటే మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. చూడకుండా ఏదీ చెప్పకూడదు.

ముందు ఒక్క మాట. ఎవరు ఎన్ని చెప్పినా, తుపాకి చేతికి తీసుకోగానే విప్పి లోపల తూటా లేదని కళ్ళతో చూడాలి, వేలు పెట్టి చూడాలి. ఇప్పుడే చూశాను అన్నవాళ్ళ చేతుల్లోనే అవి పేలుతాయి.

తరువాత గొట్టాలను ఆకాశం వైపు ఎత్తి ఒకటొకటిగా లోపలికి చూడమను. అద్దంలా మెరవాలి. మచ్చలుంటే తుప్పు, నీడ వంకర పోతే నొక్కు. తుపాకి మూసి, గొట్టాలు పట్టి కదిలిస్తే లొడలొడ ఆడకూడదు. ఆడితే కీలు అరిగినట్టు. తరువాత తెల్లబట్ట ఒకటి గోడకు కట్టి, దానికి మధ్యలో మసితో చుక్క పెట్టి, కొంచెం దూరం నుంచి కాల్చమను. తూటాలోని సీసపు రవ్వలు చుక్కకు ఏ పక్కన పడ్డాయో రాయి. కుడో, ఎడమో, పైనో, కిందో. తప్పడంలో కూడా ఒక వరస ఉంటుంది. రోజుకో పక్క తప్పితే మనిషి దోషం, రోజూ ఒకే పక్క తప్పితే కట్టె దోషం.

యుద్ధం వల్ల తూటాలు దొరకడం లేదు. అల్లుడు పాత ఇత్తడి తూటాల్లోనే తుపాకిమందు నింపుకుంటున్నాడేమో. అట్లా అయితే కాల్చిన రోజే గొట్టాల్లో వేడినీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, పలచని నూనె గుడ్డ తిప్పాలి. తెల్లారి చూద్దాంలే అంటే తెల్లారేసరికి తుప్పు కూర్చుంటుంది.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. దసరా నాడు దానికి ఏమేం చేశారు?

నాయిన

---

శామీర్‌పేట,
ఆశ్వయుజ బహుళ త్రయోదశి

నాయినకు దండాలు.

దసరా నాడు అందరూ చేసేదే చేశాం. పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, మూతికి నిమ్మకాయ గుచ్చాం, రెండు గొట్టాల్లో ఆముదం పోసి నిలబెట్టాం. నిమ్మకాయ పండుగ అయ్యాక తీయడం మరిచాం, దానంతట అదే రాలింది. ఆయుధానికి పూజ చేయడం కూడా తప్పేనా? నువ్వూ ఉలికీ బాడిసకూ బొట్టు పెడతావు కదా.

నువ్వు చెప్పినట్టు గొట్టాల్లోకి చూశాడు. పొగగూట్లోకి చూసినట్టు ఉందట. విప్పాలంటే మోకాలి మీద పెట్టి విరవాల్సి వస్తోంది. లొడలొడ మాత్రం ఆడడం లేదు.

బట్ట కట్టి కాల్చాడు. రవ్వలన్నీ ఎడమకే పడ్డాయి. మళ్ళీ కాల్చినా ఎడమకే. పక్కనున్న వేపచెట్టు బెరడు ఊడింది. ఇరుగుపొరుగు గోడల మీద కూర్చుని చూశారు. "సోమయ్య ఉంటే గిట్లయితుండెనా" అని మామగారిని తలచుకుని ఒకరంటే అందరూ అందుకున్నారు. పోయినవాళ్ళంతా మంచివాళ్ళే అందామంటే, మామగారు నిజంగానే మంచివాడు. ప్రతి దసరాకీ ఈ వాకిట్లోనే, ఊరంతా చూస్తుండగా, కుడిభుజానికి ఆనించి ఆకాశంలోకి పేల్చడం నేనూ చూశాను కదా.

తుపాకి ఇంకొకరితో పంపకూడదని, లైసెన్సు ఉన్న మనిషే తేవాలని నువ్వు అంటుంటావు. అందుకని ఆయనే తెస్తున్నాడు. ఎక్కువ మాట్లాడించకు. నిన్నటి నుంచి ముక్కు మీద పసుపు పట్టీతో ఉన్నాడు.

సత్యమ్మ

---

మేడ్చల్,
కార్తీక శుద్ధ షష్ఠి

చిరంజీవి సత్యమ్మకు,

అల్లుడు వచ్చాడు, తుపాకి అప్పగించాడు, చల్ల తాగాడు, పోయాడు. అతను మాట్లాడిన మాటలన్నీ కలిపితే పోస్టుకార్డు కూడా నిండదు.

జలీల్ సాబ్ తుపాకి విప్పి చూసి నవ్వాడు. "అరే మొగులన్నా, గిది బందూకా, పచ్చడి జాడీయా? నిమ్మకాయ, పసుపు, నూనె, అన్ని వడ్డయి. ఉప్పు ఒక్కటే తక్కువ!" అన్నాడు. ఆముదం జిగురై కీలులో గడ్డకట్టింది. నిమ్మరసం మూతి దగ్గర ఇనుమును తినేసింది. నేను ఉలికి బొట్టు పెడతాను నిజమే, కాని ఉలిని పులుసులో నానబెట్టను. బొట్టు కట్టెకు పెట్టండి, ఇనుమును పొడిగా వదలండి. దేవుడేమీ అనుకోడు.

జలీల్ కడిగి, రుద్ది, గొట్టాలు బాగుచేశాడు. ఇనుము మంచిది, ఇంకో తరం నడుస్తుంది. ఎడమకు తప్పడానికి కారణం ఇనుములో లేదు, కట్టెలో ఉంది.

భుజానికి ఆనే కట్టెను మేము కుందా అంటాం. దాన్ని మనిషికి కొలిచి చేస్తారు, రవికె కుట్టినట్టే. మీట మీది వేలి నుంచి భుజం దాకా పొడవు, చెంప ఆనే చోట ఎత్తు, ఆ రెండూ కాక పక్కకు వెంట్రుకవాసి వంపు. కుడిభుజం మనిషికి కుడివైపు ఒరగాలి, ఎడమభుజం మనిషికి ఎడమవైపు. అప్పుడే తుపాకి ఎత్తగానే కన్ను గొట్టం మీదికి వస్తుంది.

ఈ కుందా ఎడమవైపు ఒరిగి ఉంది. పొట్టిగా కూడా ఉంది. కోసి, వంచి, ఎవరో మంచి పనివాడు చేసిన పని. భిక్షం పొడుగు మనిషి, కుడిభుజానికి పెడతాడు. అందుకే బొటనవేలు ముక్కును గుద్దుతోంది, గురి ఎడమకు పోతోంది. అతని తప్పు ఏమీ లేదని చెప్పు.

సోమయ్య బావ ఎడమచేతి వాటం అని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఏమైనా, కుందాకు వెనుక ముక్క అతికి పొడుగు చేస్తాను. కాగిన అవిసెనూనె పోసి మెడ దగ్గర మెత్తబరిచి కుడివైపు వంచుతాను. జొన్న పాలు పోసుకునే లోపు అయిపోతుంది.

నాయిన

---

శామీర్‌పేట,
కార్తీక శుద్ధ ఏకాదశి

నాయినకు,

నీ ఉత్తరం ఇంట్లో అందరి ముందూ చదివాను. చదవకుండా ఉండాల్సింది.

ఆయన తప్పు లేదని నువ్వు రాసిన మాట దగ్గర ముఖం కొంచెం తేటపడింది. మామగారిది ఎడమచేతి వాటం అన్న చోట ఆయన లేచి నిలబడ్డాడు. "మా నాయిన ఎడమశెయ్యోడా? ఎవలన్నరు? కుడిశేత్తోని తిన్నడు, కుడిభుజానికి పెట్టి కొట్టిండు. ఊరంత సూసింది" అన్నాడు. కుందా వంచుతానన్న మాటకు ఇంకా మండిపడ్డాడు. "కట్టెను ముట్టద్దని రాయి. ఒక్క పిసరు గూడ ముట్టద్దు. ఎట్లున్నదో అట్లనే ఇయ్యమను."

నేను ఎంత చెప్పినా వినడం లేదు. తండ్రి చేతి వస్తువు మీద అంత మమకారం. దానితో ఒక్క పందిని కూడా కొట్టలేడు, దాన్ని బాగుచేయనివ్వడు. ఇద్దరి మధ్యా నేను నలుగుతున్నాను. మొన్న పందులు ముత్తమ్మ జొన్నచేను గట్టు దాకా తొక్కాయి. ఆమె మా గడప ముందు నిలబడి తిట్టిపోయింది. వచ్చే ఏడు ఏం తింటామో అని నాకు భయంగా ఉంది నాయినా, ఇది ఉత్తుత్తి మాట కాదు.

అత్తమ్మ మాత్రం నీ ఉత్తరం చదువుతున్నంత సేపూ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

సత్యమ్మ

---

మేడ్చల్,
కార్తీక పౌర్ణమి

చిరంజీవి సత్యమ్మకు,

అల్లుడు వద్దన్నాడు కాబట్టి కట్టె ముట్టలేదు. ఎవరి వస్తువు వారిది. నూనె గిన్నె పక్కన పెట్టాను.

కాని తీరిక దొరికినప్పుడల్లా ఆ కుందాను చూస్తున్నాను. సోమయ్య బావ ఎడమచేతి మనిషి కాడంటే నమ్ముతాను. మా పెళ్ళిళ్ళలో పక్క పక్కన కూర్చుని తిన్నాం. మరి ఈ కట్టె ఎవరికి కొలిచారు? ఇది బావకు పొట్టి. ఎడమచెంప ఆనే చోట ఏళ్ళ తరబడి ఆనితే తప్ప రాని నునుపు వచ్చింది. ఆ నునుపు ముందు సన్నటి గీతలు ఉన్నాయి. అన్నీ ఒకే చోట. పిల్లలు గీసినవి కావు. ఇసుక గీతలూ కావు.

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. రెండు సంగతులు తెలుసుకుని రాయి. మీ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరికైనా ఉందా? బావ చేలకాపలాకు పోయినప్పుడు ఆయనతో మంచె మీదికి ఆడమనిషి ఎవరైనా పోయేదా? నెమ్మదిగా కనుక్కో. గోల చేయకు.

నాయిన

---

శామీర్‌పేట,
కార్తీక బహుళ పంచమి

నాయినా,

నువ్వు రాసిన ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. కాలేదాకా అక్కడే కూర్చున్నాను.

మనిషి పోయి ఏడాది కూడా కాలేదు. నిన్ను బావా అని పిలిచి, నా పెళ్ళినాడు నీ కాళ్ళకు తానే నీళ్ళిచ్చిన మనిషి. ఆయన మంచె మీదికి ఏ ఆడది పోయిందని నేను ఎవరిని అడగాలి? అత్తమ్మనా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇది నా కడుపు కూడా కాదు, నా అత్తింటి కడుపు. కట్టె మీది గీతలు చూసి మనిషికి లేని సంసారం కట్టబెట్టావు. జలీల్ సాబ్ ముందు కూడా ఈ మాటలు అన్నావా?

నాకు కోపమే కాదు, ఏడుపు కూడా వచ్చింది. ఎందుకంటే నువ్వు ఊరికే రాసేవాడివి కావు. నిజమే అయి ఉంటుందని నాకే అనిపించింది. అందుకే అత్తమ్మ తుపాకి వంక చూడదేమో, అందుకే ఆ రోజు ఉత్తరం చదువుతుంటే నోరు మెదపలేదేమో అనుకున్నాను. ఆమె మీద జాలి పుట్టి చల్లలో మీగడ వేసి ఇస్తున్నాను. "నీకేమైంది బిడ్డ, పెయ్యి మంచిగ లేదా?" అని ఆమే నన్ను అడిగింది.

మొదటి దానికి జవాబు రాస్తున్నాను, అది పాపం కాదు కాబట్టి. ఎడమచేతి వాటం మా ఇంట్లో అత్తమ్మ ఒక్కదానికే ఉంది. కొడవలీ గరిటే ఎడమచేత్తోనే పడుతుంది. పెళ్ళైన కొత్తలో ఆమె పక్కన కోతకు నిలబడి రెండుసార్లు వేళ్ళు కోసుకోబోయాను. చాలా?

సత్యమ్మ

---

మేడ్చల్,
కార్తీక బహుళ దశమి

పిచ్చి బిడ్డా,

తప్పు నాదే. గుట్టుగా అడగాలని పోయి ఊరంత చేశాను. ఇప్పుడు విప్పి రాస్తాను.

ఆ గీతలు ముక్కుపుల్ల గీసినవి. ఎడమచెంప కట్టెకు ఆనిస్తే ఎడమముక్కుకున్న పుల్ల సరిగ్గా అక్కడ తగులుతుంది. మా దుకాణానికి ఎన్నో తుపాకులు వస్తాయి, అట్లాంటి గీతలు నేను ఎన్నడూ చూడలేదు. అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

మంచె మీదికి వేరే ఆడది పోలేదు. బావ పోయినప్పుడు మీ అత్తమ్మ తీసేసిన ముక్కుపుల్ల ఏ పక్కది? ఆమె భుజం దగ్గర నిలబడి చూడు, ఎత్తు ఎంతో చూడు. ఈ తుపాకి మీ అత్తమ్మ బాలనర్సమ్మకు కొలిచి చేసింది. శామీర్‌పేటలో పందులను కొట్టింది సోమయ్య బావ కాదని నా నమ్మకం.

ఇక ఎవరి భుజానికి చేయాలో మీరు చెప్పాలి. ఒకటి గుర్తుంచుకో. ఒకసారి కాగిన నూనె పోసి కుడికి వంచాక మళ్ళీ ఎడమకు వంచితే మెడ పగులుతుంది. పాత కట్టె. రెండోసారి ఓర్చుకోదు. అల్లుడికి సరిపోయేటట్టు చేస్తే ఇక ఆమెకు పనికిరాదు. అందుకని ఆమెను అడగకుండా నేను పొయ్యి వెలిగించను.

నాయిన

---

శామీర్‌పేట,
మార్గశిర శుద్ధ తదియ

నాయినకు దండాలు. నన్ను క్షమించు.

ఆయన కల్లాల వైపు పోయినప్పుడు నీ ఉత్తరం అత్తమ్మకు చదివాను. దానికి ముందు నేను ఏమనుకున్నానో, మీగడ ఎందుకు వేశానో కూడా చెప్పాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామగారు పోయాక ఆమె నవ్వడం ఇదే మొదలు. "ఆయనకు ఇంకో ఆడిదా? నాతోనే ఏగలేక యాష్టకొచ్చేటోడు" అంది.

తరువాత చెప్పింది. ఆమె మాట ఆమె మాటగానే రాస్తున్నాను.

"మీ మామకు అడివి మస్తు ఎర్క. పంది యాడ దిగుతది, యాడ నీళ్ళు తాగుతది, అన్ని ఎర్క. మీట గుంజే యాళకు మాత్రం కండ్లు మూసేటోడు. పోరగాడున్నప్పుడు షికారుల పక్కోని తుపాకి పగిలి ఆని శెయ్యి వోయిందట. గది సూసిండు. ఇగ అప్పటి సంది గంతే. జాగీర్దారు ఖుషయి తుపాకి ఇనామిచ్చె, ఊరోళ్ళు కావలిచ్చిరి. కొట్టరాదని ఎట్ల జెప్తడు? ఓనాడు మంచె మీద శేతులు వణుకుతుంటె నేనే గుంజుకోని కొట్టిన. తాకింది. ఆయన ఏమనలే. తెల్లారి నా శెయ్యి దారంతోని కొలుసుకోని పట్నం వోయి కట్టె కోపిచ్చుకొచ్చిండు. దసరకు మొగులుకు కొడితె ఆయనకేం భయం లేకుండె. మొగులుకు గురి ఎందుకు?"

మరి ఇప్పుడెందుకు పట్టుకోవడం లేదని అడిగాను. "ఆయన లేడు. ముండమోసినదాన్ని తుపాకి వట్టుకోని ఊర్లకెళ్ళి పోతనా? ఊరోళ్ళు నన్ను గాదు, ఆయనను నవ్వుతరు. బిడ్డ, నా కొడుక్కు జెప్పకు. వాడు నాయినంటె దేవుడనుకుంటడు. వాని భుజానికే వంచమని రాయి" అంది. ఇంత చెప్పి మళ్ళీ చేట అందుకుంది.

అందుకని రాస్తున్నాను, వంచు నాయినా. పటేలు నిన్న మళ్ళీ కబురు పెట్టాడు. మీ అల్లుడిని కూడా ఎట్లాగో ఒప్పించి పంపుతాను. కొలతలకు మనిషి ఎదురుగా ఉంటే మంచిది కదా.

సత్యమ్మ

---

మేడ్చల్,
మార్గశిర శుద్ధ అష్టమి

చిరంజీవి సత్యమ్మకు,

అల్లుడు వచ్చాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నూనె కాగుతోంది. కుందాను చట్రంలో బిగించాను. అతను గుమ్మంలోంచే చూసి, లోపలికి వచ్చి కట్టె మీద చెయ్యి పెట్టాడు. "ఆపుండ్రి మామ. ముట్టద్దంటిని గద" అన్నాడు.

మీ ఇంటివాళ్ళే వంచమన్నారని చెప్పాను. ఎవరు అన్నారో చెప్పలేదు. తండ్రి జ్ఞాపకం మంచిదే కాని దానితో కడుపు నిండదని అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నాయినది గాదు మామ గిది. మా అమ్మ కట్టె."

నేను చేతిలోని గరిటె కింద పెట్టాను. నీకెట్లా తెలుసని అడిగాను.

"సిన్నప్పుడు మంచె కింద పండుకునేటోన్ని. పేలంగనె లేసి సూస్తె పొగల అమ్మ కనవడేది. తెల్లారి ఊర్లె నాయిన కనవడేటోడు. ఆళ్ళిద్దరు ఎన్నడు జెప్పలే, నేను ఎన్నడు అడగలే. సత్తెమ్మకు గూడ జెప్పలే. నాయిన పోయినంక అమ్మనే తీస్కుంటదనుకున్న. దాని దిక్కే సూడకపాయె. ఇగ నేను వట్టుకున్న. నేను రోజు తప్పుతుంటెనన్న ఓపలేక లేస్తదనుకున్న."

"అంటే కావాలని తప్పావా?" అని జలీల్ అడిగాడు.

"లేదు సాబ్. నాకు రానే రాదు" అన్నాడు అల్లుడు. ముగ్గురం నవ్వాం. అతను ముందు నవ్వాడు, ముందు ఆపాడు.

నూనె దింపేశాను. ఇన్నాళ్ళూ అతనిది తండ్రి మీద మమకారం అనుకున్నాం, నువ్వూ నేనూ ఇద్దరం. తల్లి కొడుక్కి తెలియకుండా దాచింది, కొడుకు నీకు తెలియకుండా దాచాడు. దాచింది ఒకే సంగతి. నువ్వు ఇప్పుడు అత్తమ్మకు ఏమీ చెప్పకు. తానే చెబుతానని అన్నాడు.

కట్టె ఎట్లా ఉందో అట్లాగే ఇచ్చి పంపుతున్నాను. ఇక కాయిదాల సంగతి. లైసెన్సు భిక్షం పేరు మీద ఉంది. తుపాకి అతని చేతిలోనే ఇంట్లోంచి బయటికి రావాలి, అతని చేతిలోనే లోపలికి పోవాలి. ఇంకొకరికి ఇచ్చి తాను దూరంగా ఉండకూడదు. పేరు మార్చాలంటే ఇక్కడ తహసీలులో అర్జీ పెట్టాలి. యజమాని ఎవరో, యజమాని తరఫున తుపాకి మోసేది ఎవరో, రెండు పేర్లూ రాయాలట. ఎవరి పేరు ఎక్కడ రాయాలో మీరు ముగ్గురూ అనుకుని చెబితే అర్జీ రాయిస్తాను. ఆడమనిషి పేరు మీద ఇస్తారో ఇవ్వరో నాకు తెలియదు. ఆ కాయిదం వచ్చేదాకా చట్టం ఏమంటుందో పైన రాశాను. మంచె మీద ఎవరు మీట నొక్కారో మేడ్చల్‌లో ఉన్న నాకు కనిపించదు.

నాయిన

---

శామీర్‌పేట,
మార్గశిర శుద్ధ చతుర్దశి

నాయినకు సత్యమ్మ దండాలు.

ఆయన వచ్చి తుపాకిని గోడకు పెట్టలేదు. అత్తమ్మ వాకిట్లో కందులు చెరుగుతుంటే ఆమె పక్కన కూర్చుని, విప్పి, తూటాలు లేవని చూపించి ఆమె ఒళ్ళో పెట్టాడు. "అమ్మా, ముత్తమ్మ జొన్నల పందులు వడ్డయి. పోదాం పా" అన్నాడు.

ఆమె చేట పక్కన పెట్టింది. నా వైపు చూసింది. నేను చెప్పలేదని తల ఊపాను. అప్పుడు కొడుకును అడిగింది, "ఎప్పటి సంది ఎర్క నీకు?"

"మంచె కింద పండుకున్నప్పటి సంది."

"మరెందుకు అడగలే?"

"నువ్వు తీస్కుంటవని సూసిన."

"నువ్వు ఇస్తవని నేను సూసిన" అంది అత్తమ్మ.

పొద్దు గుంకే వేళ ఇద్దరూ పోయారు. కట్టె కొలత కథంతా ఆమె దారిలో ఆయనకు చెప్పిందట. తుపాకి ఆయన భుజం మీదే ఉంది, నువ్వు చెప్పినట్టే. నేను గడపలో కూర్చున్నాను. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తరువాత ఒక్కటే చప్పుడు. రెండోది వస్తుందేమో అని చూశాను, రాలేదు.

తెల్లవారి ముత్తమ్మ చేను గట్టు దగ్గర ఊరు ఊరంతా చేరింది. పెద్ద పంది, మెడ దగ్గర తగిలింది. పటేలు దాన్ని కర్రతో పొర్లించి చూసి, "శెబాష్ భిక్షం! నాయిన పేరు నిలబెట్టినవ్. కావలి నీదే పో" అన్నాడు. అందరూ ఆయన వీపు తట్టారు. ముత్తమ్మ అయితే దిష్టి తీసింది. అత్తమ్మ వెనుక నా పక్కన నిలబడి ఉంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కావలి దక్కింది, గింజ దక్కింది, పేరు కూడా దక్కింది.

ఆయన ఊరుకోలేదు. "నేను గొట్టలే పటేలా. మా అమ్మ గొట్టింది" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అందరూ ఆగేదాకా నిలబడి మళ్ళీ అన్నాడు: "గిప్పుడే గాదు. ఇన్నేండ్లు గొట్టింది గూడ ఆమెనే."

పటేలు కర్ర కింద పెట్టి, అత్తమ్మ వైపు చూడకుండా నెమ్మదిగా అడిగాడు, "మరి సోమయ్యకు గిది ఎర్కేనా?" అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆమె భయపడింది ఈ ఒక్క మాటకే అని ఆ పట్టులో నాకు తెలిసింది.

"ఎర్క లేకేంది" అన్నాడు ఆయన. "ఆమె శెయ్యి కొలిచి, పట్నం నడిశివోయి కట్టె కోపిచ్చుకొచ్చింది ఎవరనుకున్నవ్? ఆమె గొడితె ఎన్నడు అడ్డం రాలే. గట్ల మీరెవరన్న జేస్తరా?"

పటేలు తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. అత్తమ్మ అందరి ముందే, గట్టు మీద కూలబడి ఏడ్చింది. మామగారిని తీసుకుపోయిన రోజు కూడా ఆమె ఏడుపు నేను వినలేదు నాయినా. ఆయన పక్కన కూర్చున్నాడు కాని ఊరుకోమనలేదు. పందిని మోసే కర్రలూ తాళ్ళూ ముత్తమ్మే చూసుకుని మోయించింది.

ఈ ఉత్తరం రాస్తుంటే ఆయన నా వెనుక నిలబడి చెబుతున్నాడు. అర్జీలో యజమాని బాలనర్సమ్మ, సోమయ్య భార్య అని రాయించు. తహసీలులో వద్దంటే నేనే వచ్చి నిలబడతానంటున్నాడు. కింద, యజమాని తరఫున తుపాకి మోసే మనిషి అన్న చోట, భిక్షం అని రాయించు.

నీ బిడ్డ
సత్యమ్మ